చిన్న సేద్యం, పెద్ద లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వర్ధమాన దేశాల్లో చిన్న రైతుల గురించి ఎక్కడ మాట్లాడినా చర్చ దిగుబడి దగ్గరే ఆగిపోతుంది. ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయన్నది ముఖ్యమే. కానీ ఆ ఇంటికి డబ్బు ఏ నెలలో వస్తోంది, ఏ నెలలో పోతోంది అన్నది చాలాసార్లు అంతకన్నా ముఖ్యం. కింది జవాబుల్లో చాలావరకు ఆ కోణం నుంచి రాసినవే.

చిన్న రైతు అంటే ఎవరు? ప్రపంచంలో ఎంతమంది ఉంటారు?

అంతర్జాతీయ లెక్కల్లో మామూలుగా 2 హెక్టార్ల లోపు, అంటే సుమారు 5 ఎకరాల లోపు సాగు చేసేవాళ్లను చిన్న రైతులంటారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పరిశోధకుల అంచనా ప్రకారం ప్రపంచంలో 60 కోట్లకు పైగా కమతాలున్నాయి. వాటిలో 84 శాతం ఈ కోవలోవే. అయినా వాటి కింద ఉన్న సాగుభూమి 12 శాతమే.

ఈ 5 ఎకరాల గీతను మరీ పట్టుకుని కూర్చోకూడదు. నీళ్లున్న రెండెకరాలకూ, వానను నమ్ముకున్న పదెకరాలకూ పోలికే లేదు.

ప్రపంచం తినే తిండిలో 70 శాతం చిన్న రైతులే పండిస్తున్నారట కదా?

ఈ మాట బాగా తిరుగుతోంది కానీ నిలబడదు. 2 హెక్టార్ల లోపు కమతాల వాటా దాదాపు మూడో వంతు. ‘కుటుంబ సేద్యం’, ‘చిన్న సేద్యం’ ఒకటేనని పొరబడటం వల్ల అంకె పెరిగింది. వందల హెక్టార్లున్నా ఇంటివాళ్లే నడుపుకుంటే అది కుటుంబ సేద్యం కిందికే వస్తుంది. నిజానికి 12 శాతం భూమిలో మూడో వంతు తిండి పండించడమే గొప్ప విషయం. దాన్ని ఇంకా ఉబ్బించాల్సిన పనేమీ లేదు.

చిన్న కమతంలో ఎకరానికి దిగుబడి ఎక్కువంటారు. మరి వాళ్లు పేదవాళ్లుగానే ఎందుకున్నారు?

భారతదేశపు సేద్య ఖర్చుల సర్వేలను చూసి 1962లో అమర్త్య సేన్ ఈ సంగతిని చర్చకు తెచ్చారు. కమతం పెరిగేకొద్దీ ఎకరం దిగుబడి తగ్గుతోంది. కారణం కూలి లెక్కలో ఉంది. పెద్ద రైతు బయటి కూలీని పెట్టుకుంటాడు, కూలి డబ్బు గిట్టినంతవరకే పని చేయిస్తాడు. చిన్న రైతు ఇంట్లో వాళ్లకు బయట పని దొరకదు కాబట్టి కలుపు ఇంకోసారి తీస్తారు, గట్టు మీద కూడా నాలుగు మొక్కలు పెడతారు. ఎకరం లెక్కన చూస్తే దిగుబడి బాగుంటుంది. దాన్ని ఎన్ని చేతులకు పంచాలో చూస్తే తలకు వచ్చేది కొంచెమే.

ఆ దిగుబడి తేడా మీద కూడా ఇప్పుడు అనుమానాలున్నాయి. ఎంత పండిందని రైతును అడిగి రాసుకుంటే చిన్న మడుల్లో అంకె పెద్దగా వస్తోంది. ఇథియోపియా, ఉగాండాల్లో చేలో కొంత భాగం కోసి, తూచి చూస్తే ఆ తేడా చాలావరకు కనబడకుండా పోయింది. ‘చిన్నదే సమర్థం’ అన్న నినాదం మీద విధానాలు కట్టేవాళ్లు ఈ కొలతల గొడవను ఒకసారి చూడటం మంచిది.

దిగుబడి పావు వంతు తగ్గితే ఆదాయం కూడా పావు వంతే తగ్గుతుంది కదా?

తగ్గదు. పావుతో ఆగదు, అంతకన్నా ఎక్కువే పోతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది, కాబట్టి బస్తాల్లో లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే.

ఐదుగురున్న ఇల్లు, రెండెకరాల మొక్కజొన్న, 20 బస్తాల పంట అనుకుందాం. విత్తనాలకు, ఎరువుకు చేసిన అప్పు తీర్చడానికి 4 బస్తాలు పోతాయి. కోత, నూర్పిడి కూలికి 2. బడి ఫీజులకు 3. వైద్యానికి, చుట్టాల ఇంటి ఖర్చులకు 2. ఆరబెట్టేటప్పుడు, నిల్వలో పురుగు పట్టి పోయేవి 2. మిగిలిన 7 బస్తాలు ఏడాది తిండి.

ఇప్పుడు వాన సరిగ్గా పడక 15 బస్తాలే వచ్చాయనుకోండి. అప్పిచ్చినవాడు పావు వంతు తగ్గించుకోడు, బడి ఫీజూ తగ్గదు. అప్పు, ఫీజులు, వైద్యం, చుట్టాల ఖర్చు కలిపి 9 బస్తాలు అలాగే కట్టాలి. కోత కూలి, పురుగు నష్టం చెరో అర బస్తా తగ్గుతాయి. చివరికి తిండికి మిగిలేది 3 బస్తాలు. పంట పావు వంతు పోతే ఇంటి తిండి సగానికి పైగా పోయింది.

అందరికీ ఎండిపోయిన ఏడు ధర పెరుగుతుంది కదా, దానితో సర్దుకుంటుంది కదా అనొచ్చు. అమ్మడానికి సరుకున్నవాడికి సర్దుకుంటుంది. ఈ ఇల్లు ఆ ఏడు కొనుక్కునే ఇల్లు. బాగా పండిన ఏడు దీనికి రివర్స్: అందరికీ పండుతుంది, ధర పడిపోతుంది, పెరిగిన 5 బస్తాలకు చేతికొచ్చేది మాత్రం తక్కువ.

కోతప్పుడు ధర తక్కువని తెలిసీ అప్పుడే ఎందుకు అమ్ముకుంటారు? నాలుగు నెలలు ఆగొచ్చు కదా?

ఆగాలంటే ఆ నాలుగు నెలలూ ఇల్లు గడవాలి. కళ్లంలో గింజ ఉండగానే అప్పులవాళ్లు వస్తారు, ఫీజు గడువూ అప్పుడే పడుతుంది. పశ్చిమ కెన్యాలో కోతల నుంచి మళ్లీ గింజలకు కటకట వచ్చే నెలల దాకా మొక్కజొన్న ధర మామూలుగా 25 నుంచి 40 శాతం పెరుగుతుంది. అక్కడి రైతులు చాలామంది కోతలప్పుడు తక్కువకు అమ్మి, అదే గింజను తర్వాత ఎక్కువకు కొనుక్కుంటారు. చూసేవాళ్లకు ఇది తెలివితక్కువ పనిలా కనిపిస్తుంది. నిజానికి అది అప్పు తీసుకోవడమే. దానికి కట్టే వడ్డీ, పెరిగిన ధర.

అక్కడే కోతల సమయంలో చిన్న లోన్ ఇచ్చి చూశారు. రైతులు గింజను అట్టిపెట్టుకున్నారు, తర్వాత అమ్ముకున్నారు, ఆ లోన్ మీద 29 శాతం దాకా రాబడి వచ్చింది. ఇంకో విశేషం కూడా బయటపడింది. ఒకే ప్రాంతంలో ఎక్కువమందికి లోన్లు ఇస్తే అక్కడి మార్కెట్లో ధరల ఎగుడుదిగుళ్లే తగ్గిపోయాయి. దాంతో లోన్ తీసుకున్నవాళ్ల లాభం తగ్గింది, తీసుకోనివాళ్లకూ మేలు జరిగింది. నైజర్‌లో 1990ల చివరి నుంచి ఇంకో పద్ధతి నడుస్తోంది. రైతు బస్తాలను గోదాములో పెట్టి తాళం వేస్తాడు, ఊరి పరపతి సంఘం వాటి మీద అప్పిస్తుంది. ధర పెరిగాక అమ్మి తీర్చేస్తాడు.

నిల్వలో పురుగు ఇంకో బెడద. అలసందల్ని రెండు మూడు నెలల్లో పురుగు పిండి చేసేస్తుంది, అందుకే భయపడి ముందే అమ్మేస్తారు. దీనికి కామెరూన్‌లో 1980ల చివర్లో మొదలైన పరిశోధన నుంచి ఒక సంచి వచ్చింది. బయట మామూలు గోనెలాంటి నేత సంచి, లోపల రెండు దళసరి ప్లాస్టిక్ సంచులు. గింజ నింపి, గాలి పోయేలా నొక్కి, ఒక్కో పొరను విడివిడిగా మెలిపెట్టి కట్టేస్తారు. లోపలున్న పురుగులే ఆక్సిజన్‌ను వాడేసుకుని, ఊపిరాడక చస్తాయి. మందు అక్కర్లేదు. లక్షల ఖర్చుతో కట్టిన గోదాములు ఖాళీగా పడి ఉన్న చోట కూడా ఇలాంటి సంచి పనికొచ్చింది. ఇంట్లోనే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకోవచ్చు.

దళారిని తీసేస్తే రైతు బాగుపడడా?

కొన్నిచోట్ల బాగుపడతాడు, చాలాచోట్ల ఇరుక్కుపోతాడు. దళారి సరుకు ఒక్కటే కొనడు. బండి తెస్తాడు, పది ఇళ్ల నుంచి రెండేసి బస్తాలు పోగుచేస్తాడు, పాడైపోయే రిస్క్ మోస్తాడు, అర్ధరాత్రి అవసరమొస్తే అప్పిస్తాడు. అతన్ని పక్కకు నెట్టాలంటే ఈ పనులన్నీ ఇంకెవరో చేయాలి. అతను దోచుకునేది ముఖ్యంగా రెండు చోట్ల: తూకంలో, ఊరికి వచ్చే కొనుగోలుదారు తానొక్కడే అయినప్పుడు. మంచి రోడ్డు, నమ్మకమైన కాటా, పోటీకి ఇంకో ఇద్దరు దళారులు ఉంటే చాలా బాధలు వాటంతటవే తగ్గుతాయి.

ఫోన్లు వస్తే ధరలు తెలిసి రైతు బలపడతాడని పెద్ద ఆశ ఉండేది. నైజర్‌లో సెల్‌ఫోన్లు వచ్చాక ఊరికీ ఊరికీ మధ్య గింజల ధరల తేడా 10 నుంచి 16 శాతం తగ్గింది. అయితే రైతుకు అందే సగటు ధర మాత్రం పెరగలేదు. ఫోన్‌ను బాగా వాడుకున్నది వ్యాపారులే. ధర తెలియడం వేరు, ఆ ధర ఉన్న చోటికి సరుకు తీసుకెళ్లగలగడం వేరు.

పాలలాంటి సరుకులో మాత్రం సహకార సంఘాలు బాగా నడిచిన ఉదాహరణలున్నాయి. పాలను రోజూ పోయాలి, రోజూ కొలవాలి, వెన్న శాతాన్ని అక్కడికక్కడే పరీక్షించొచ్చు. 1946లో ఖేడా జిల్లాలో మొదలై అమూల్‌గా ఎదిగిన సంఘం అలాంటిదే. ఏడాదికొకసారి చేతికొచ్చే పంటకు అదే పద్ధతి అతికించబోతే చాలాసార్లు కుదరలేదు.

ఎరువు వేస్తే లాభమని తెలిసినా ఎందుకు వేయరు? అవగాహన లేకనా?

1964లోనే ఆర్థికవేత్త థియొడోర్ షుల్ట్జ్ దీనికి జవాబు చెప్పారు: సాంప్రదాయ రైతులు పేదవాళ్లే, కానీ చేతిలో ఉన్న వనరుల్ని వాడటంలో సమర్థులు. ఆయనకు 1979లో నోబెల్ వచ్చింది. అయినా ‘రైతుకు అవగాహన కల్పించాలి’ అనే ప్రాజెక్టులు నేటికీ ఆగలేదు.

కెన్యాలో జరిగిన ఒక ప్రయోగం చూడండి. ఎరువు కావాల్సింది విత్తే కాలంలో, రైతు చేతిలో డబ్బుండేది కోతలైన వెంటనే. ఈ మధ్యలో ఆ డబ్బు ఎక్కడికి పోతుందో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. అందుకని కోతలైన వెంటనే ఇంటికి వెళ్లి, అప్పుడే డబ్బు కడితే తర్వాత ఎరువు ఉచితంగా ఇంటికే తెచ్చిస్తామన్నారు. ధరలో తగ్గింపేమీ లేదు, రవాణా మాత్రం ఉచితం. విత్తే కాలంలో 50 శాతం సబ్సిడీ ఇస్తే వాడకం ఎంత పెరిగేదో, దీనితోనూ దాదాపు అంతే పెరిగింది. ఖర్చు మాత్రం ఎంతో తక్కువ.

అలాగని ఎరువు అందరికీ గిట్టుతుందనుకోకూడదు. నేల సత్తువ లేకపోయినా, దుకాణం మరీ దూరమైనా, సంచిలో ఉన్నది అసలైన ఎరువేనన్న నమ్మకం లేకపోయినా వేయకపోవడమే సరైన లెక్క.

మైక్రోఫైనాన్స్ ఈ సమస్య తీర్చలేదా?

పెద్దగా లేదు. ఈ చిన్న అప్పుల మీద ఆరు దేశాల్లో జరిగిన అధ్యయనాల ఫలితాలు 2015లో కలిపి ప్రచురించారు. చిన్న వ్యాపారాలకు కొంత ఊతం దొరికింది, పేదరికం మాత్రం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. సేద్యానికైతే ఇంకో ఇబ్బంది ఉంది. అప్పు తీసుకున్న వారం రెండు వారాల్లోనే వాయిదాలు మొదలవుతాయి, పంటేమో నాలుగైదు నెలలకు గానీ రాదు. వారం వారం వాయిదా టెన్షన్ ఉన్నవాళ్లు ఆ అప్పును చేలో పెట్టరు, రోజూ డబ్బులాడే చిల్లర వ్యాపారంలో పెడతారు.

మాలీలో విత్తే ముందు ఇచ్చి, కోతయ్యాక ఒకేసారి వసూలు చేసే అప్పులు పెట్టారు. రైతులు పెట్టుబడి పెంచారు, పంటా పెరిగింది. తర్వాత, అప్పు వద్దన్న వాళ్లకు కొందరికి ఉచితంగా డబ్బిచ్చి చూశారు. వాళ్ల సేద్యంలో లాభమేమీ పెరగలేదు. అంటే వద్దన్నవాళ్లు తమ చేను సంగతి తెలిసే వద్దన్నారు.

పంట బీమా మంచిదే కదా, ఎందుకు కొనరు?

ఉత్తర ఘానాలో కొందరు రైతులకు డబ్బు, కొందరికి వానల బీమా ఇచ్చి పోల్చారు. చేలో పెట్టుబడి బాగా పెంచింది బీమా ఉన్నవాళ్లే. వాళ్లను ఆపుతున్నది డబ్బు కొరతకన్నా మునిగిపోతామన్న భయమే అని తేలింది.

మరి కొనమంటే ఎందుకు వెనకాడతారు? మొదటిది, ప్రీమియం కట్టాల్సింది చేతిలో డబ్బు లేని నెలలోనే. రెండోది నమ్మకం. ఇప్పుడు ఎక్కువగా నడిచే సూచీ బీమాలో మీ చేను ఎండిందా అని ఎవరూ చూడరు. దగ్గర్లోని వర్షమాపకం ఏం చెప్పిందో, ఉపగ్రహం పచ్చదనాన్ని ఎంత చూపిందో అదే లెక్క. కెన్యాలోని మర్సాబిట్‌లో 2010లో పశువుల కాపరులకు మొదలైన బీమా ఇలాంటిదే. ఖర్చు తక్కువ, మోసానికి చోటు లేదు. కానీ వర్షమాపకం దగ్గర వాన పడి నా చేలో పడకపోతే ప్రీమియమూ పోయింది, పంటా పోయింది. బీమా లేకపోతే ఒక్క పంటే పోయేది. ఒక్కసారి అలా జరిగిన ఊళ్లో మళ్లీ ఎవరూ కొనరు, కొనకపోవడంలో తప్పూ లేదు.

ఆవు, మేకలు లాభమేనా?

ఇంటివాళ్ల పనికి బయటి కూలి రేటు కడితే చాలాసార్లు నష్టమే కనబడుతుంది. ఉత్తర ప్రదేశ్‌లో అలా కట్టి చూసిన ఒక అధ్యయనంలో ఆవు మీద సగటు రాబడి సున్నా కిందికి పోయింది. కానీ ఆ పని చేసే వృద్ధురాలికి బయట కూలి దొరకదు కదా. పైగా అవసరానికి అమ్ముకోగలిగే ఆస్తి, ఎవరూ సులువుగా అడిగి పట్టుకెళ్లలేని పొదుపు. బ్యాంకు లేని ఊళ్లో మేకే బ్యాంకు.

ఆహార ధరలు పెరిగితే రైతుకు మంచిదే కదా?

అమ్మేదానికన్నా కొనేది ఎక్కువైతే కాదు. చాలా పేద దేశాల్లో చిన్న రైతుల్లో పెద్ద భాగం ఏడాది మొత్తం మీద చూస్తే తిండిగింజలు కొనుక్కునేవాళ్లే.

కోకో, కాఫీలాంటి ఎగుమతి పంటలు వేస్తే?

డబ్బు వస్తుంది, దానితోపాటు ఎక్కడో నిర్ణయమయ్యే ధర కూడా ఇంట్లోకి వస్తుంది. దేశాల వాటాలతో కాఫీ ధరను నిలబెట్టిన అంతర్జాతీయ ఒప్పందం 1989లో కూలిపోయాక రైతులకు మిగిలిన రక్షణ చాలా తక్కువ. పైగా ఇవి ఏళ్ల తరబడి ఉండే చెట్లు, ధర పడిందని వచ్చే సీజన్‌కు మార్చేయలేరు.

ప్రపంచ కోకోలో సగానికి పైగా కోట్ డివార్ (ఐవరీ కోస్ట్), ఘానాల నుంచే వస్తుంది. ఆ రెండు ప్రభుత్వాలూ కలిసి 2019లో టన్నుకు 400 డాలర్ల అదనపు మొత్తాన్ని కొనుగోలుదారుల మీద వేశాయి. ఉద్దేశం మంచిదే. తర్వాత 2024లో ప్రపంచ ధర టన్నుకు 10,000 డాలర్లు దాటినప్పుడు మాత్రం అక్కడి రైతులకు అందులో కొంతే అందింది. ఎందుకంటే సీజన్ మొదట్లోనే ప్రభుత్వం రైతు ధర ఖాయం చేస్తుంది, పంటలో చాలా భాగాన్ని ముందే బేరం పెట్టేస్తుంది. ధర పడిన ఏడు రైతును కాపాడే ఏర్పాటే, పెరిగిన ఏడు అతని చేతులు కట్టేసింది.

ఆడవాళ్ల పొలాల్లో దిగుబడి తక్కువెందుకు?

బుర్కినా ఫాసోలో ఒకే ఇంట్లో భార్యకో మడి, భర్తకో మడి ఉంటాయి. ఒకే ఏడు, ఒకే పంట వేసినా భార్య మడిలో దిగుబడి తక్కువ. తేడా నైపుణ్యంలో లేదు. పెంట ఎరువు దాదాపు మొత్తం భర్త మడికే పోతోంది, పిల్లల చాకిరీ, బయటి కూలీల సాయం కూడా అక్కడికే ఎక్కువ. ఉన్న ఎరువునూ కూలినీ రెండు మడులకూ సరిగ్గా పంచితేనే ఆ ఇంటి పంట సుమారు 6 శాతం పెరిగేదని లెక్క తేలింది. ‘ఇల్లు’ అనేది ఒకే జేబు అనుకుని వేసే పథకాలన్నీ ఇక్కడ తప్పుతాయి.

పట్టా ఇస్తే బ్యాంకు అప్పు దొరుకుతుందా?

అంత తేలిగ్గా దొరకదు. రెండెకరాలను జప్తు చేసి ఊళ్లో అమ్మడం బ్యాంకుకు పెద్ద తలనొప్పి. పట్టా వల్ల మేలు వేరే చోట ఉంది: చేను తనదేనన్న ధీమా ఉంటే కట్ట వేస్తారు, చెట్టు నాటుతారు. ఘానాలోని అక్వాపిమ్‌లో ఊరి పెత్తనంలో పలుకుబడి ఉన్నవాళ్లే నేలను తగినన్నేళ్లు బీడుగా వదిలి సారం పెంచుకోగలిగారు. మిగతావాళ్లు ఖాళీగా వదిలితే పోతుందేమోనని ఏటా దున్నుతూనే ఉన్నారు.

వలస పోవడమంటే సేద్యం విఫలమైనట్టేనా?

చాలా ఇళ్లలో సేద్యాన్ని నిలబెడుతున్నదే వలస డబ్బు. నేపాల్‌లో విదేశాల నుంచి వచ్చే డబ్బు దేశ ఆదాయంలో దాదాపు నాలుగో వంతు. కెన్యాలో 2007లో సెల్‌ఫోన్‌తో డబ్బు పంపుకునే ఎం-పెసా వచ్చాక ఊళ్లో ఆపద వస్తే పట్నం నుంచి గంటలో డబ్బు చేరుతోంది. ఇది ఏ బీమా కంపెనీ ఇవ్వలేని బీమా.

బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్‌లో కోతలకు ముందు పనుల్లేక పస్తులుండే నెలలుంటాయి. ఆ కాలాన్ని అక్కడ ‘మొంగా’ అంటారు. 2008లో అక్కడి పేద ఇళ్లకు సుమారు 8.50 డాలర్లు, అంటే రానుపోను బస్సు ఖర్చు ఇచ్చి చూశారు. ఆ కాస్త సాయంతోనే 22 శాతం ఇళ్ల నుంచి ఒకరు పనికి బయలుదేరారు, ఇంట్లో తిండి మెరుగైంది. తర్వాతి ఏడాది డబ్బివ్వకపోయినా చాలామంది మళ్లీ వెళ్లారు. ముందు ఎందుకు వెళ్లలేదంటే, పని దొరక్కపోతే బస్సు డబ్బులూ పోతాయని. ఇదే కార్యక్రమాన్ని పెద్ద ఎత్తున విస్తరించి 2017లో పరీక్షిస్తే మాత్రం ప్రభావం కనబడలేదు. దాన్ని నడిపినవాళ్లు ఆ సంగతి బయటపెట్టి, 2019లో ఆపేశారు. ఈ రంగంలో అంత నిజాయతీ అరుదు.

అయితే చివరికి అందరూ సేద్యం వదిలి పట్నం పోవాల్సిందేనా?

దేశాలు సంపన్నమయ్యేకొద్దీ సేద్యంలో ఉండేవాళ్ల వాటా తగ్గుతుంది. ఇందులో వివాదం లేదు. ప్రశ్నల్లా ఆ లోపు ఏం జరుగుతుందన్నదే. వియత్నాంలో 1988లో ఉమ్మడి సాగును పక్కన పెట్టి భూమిని ఇళ్లవారీగా సాగుకిచ్చారు. అప్పటిదాకా బియ్యం దిగుమతి చేసుకున్న దేశం మరుసటి ఏడాదే పది లక్షల టన్నులకు పైగా ఎగుమతి చేసింది. ఫ్యాక్టరీలు పెద్దగా వచ్చింది ఆ తర్వాతే. పల్లెల్లో చేతికి డబ్బు ఆడటంతో ముందు ఇటుకల బట్టీలు, మిల్లులు, మెకానిక్ షెడ్లు లేచాయి. సేద్యం వదిలినవాళ్లలో చాలామంది మొదట వెళ్లింది పక్క ఊరి దాకే.

చేను ఎండిపోయి, అప్పుల్లో మునిగి పట్నం చేరినవాడు ఏ కూలి దొరికితే అది ఒప్పుకుంటాడు. నాలుగు నెలల తిండి ఇంట్లో పెట్టుకుని వెళ్లినవాడు బేరమాడతాడు.